చిన్న విమానాల హార్డ్ ల్యాండింగ్: నేలను తాకే క్షణానికి ముందూ వెనకా

విషయ పరిధి

విమానం నేలకు దిగేటప్పుడు దాని చక్రాల కాళ్లు, చట్రం, లోపల కూర్చున్న మనుషులు భరించవలసిన నిలువు తాకిడి మామూలు హద్దును దాటితే దానిని హార్డ్ ల్యాండింగ్ అంటారు. పెద్ద ప్రయాణికుల విమానాలలో ఈ హద్దు ఎప్పుడు దాటిందో చాలావరకు పరికరాలే చెబుతాయి. చక్రాలు తాకిన క్షణంలోని నిలువు త్వరణం రికార్డరులో నమోదై, అది తయారీ సంస్థ నిర్ణయించిన అంకెను మించితే తనిఖీ పూర్తయ్యేదాకా ఆ విమానాన్ని మళ్లీ ఎగరనివ్వరు. రెండు లేదా నాలుగు సీట్లు, ఒకే పిస్టన్ ఇంజను ఉన్న సొంత విమానాలలోనూ, ఫ్లయింగ్ క్లబ్బుల శిక్షణ విమానాలలోనూ అటువంటి ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి, తగిలిన దెబ్బ ఎంతటిదన్నది నడిపిన మనిషి అంచనాకూ, ఆ సంగతిని బయటపెట్టే నిజాయితీకీ వదిలేసినట్టే అవుతుంది.

ఈ విషయం మీద జరిగే ఆలోచన ఎక్కువగా మూడు పాయలుగా సాగుతూ వచ్చింది. పైలట్ నైపుణ్యాన్ని శిక్షకులు పట్టించుకుంటే, చక్రాల కాళ్ల బలాన్ని ఇంజనీర్లు లెక్కగట్టారు, మనిషి శరీరం ఎంత తాకిడిని ఓర్చుకోగలదో వైద్యులు పరిశీలించారు. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూసినప్పుడు తేలే విషయం ఒకటుంది: హార్డ్ ల్యాండింగ్‌లో చక్రాలు నేలను తాకే క్షణానికి ఉన్న ప్రాముఖ్యం కంటే, దానికి ముందు గడిచే అర నిమిషానికీ, ఆ తర్వాత నేల మీద గడిచే గంటకూ ఉన్న ప్రాముఖ్యం ఎక్కువ. ప్రమాదం రూపుదిద్దుకునేది ఆ అర నిమిషంలో. దాని నష్టం అక్కడితో ఆగుతుందా, తర్వాత ఎక్కేవారి మీద పడుతుందా అన్నది తేలేది ఆ గంటలో.

ఎక్కువగా జరిగేవి, తక్కువగా లెక్కకెక్కేవి

చిన్న విమానం అనగానే తెలుగు పాఠకులకు గుర్తొచ్చేది 2004 ఏప్రిల్ 17. ఆ రోజు బెంగళూరు జక్కూరు మైదానం నుంచి కరీంనగర్‌కు బయలుదేరిన సెస్నా 180 విమానం ఎగిరిన కొద్దిసేపటికే కూలిపోయి నటి సౌందర్యతో సహా నలుగురు మరణించారు. ప్రాణాలు తీసే ప్రమాదాలలో ఎక్కువ భాగం ఇటువంటివే: పైకి లేచే వేళ, మలుపులో, చెడు వాతావరణంలో అదుపు తప్పేవి. దిగేటప్పుడు జరిగే ప్రమాదాల తీరు దీనికి పూర్తిగా భిన్నం. అమెరికాలో విమాన యజమానుల, పైలట్ల సంఘమైన ఏఓపీఏకు చెందిన భద్రతా సంస్థ జోసెఫ్ నాల్ పేరిట వెలువరించే నివేదికలను వరసగా చూస్తే, పైలట్ పొరపాటు వల్ల జరిగే ప్రమాదాలలో సంఖ్యరీత్యా మొదటి స్థానం ల్యాండింగ్‌దే. మరణాల విషయంలో మాత్రం దాని వాటా చాలా తక్కువ. దిగే వేళ వేగం తక్కువగా ఉండడం, విమానం దాదాపు నేలకు సమాంతరంగా ఉండడం, ముందు చదునైన రన్‌వే ఉండడం ఇందుకు కారణాలు.

ప్రాణనష్టం తక్కువన్న ఈ ఊరటే విషయాన్ని చిన్నచూపు చూడడానికి కూడా కారణమైంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, తన 13వ అనుబంధంలో ప్రమాదాన్ని నిర్వచిస్తూ, చక్రాల కాళ్లకు కలిగే చిన్న నష్టాన్నీ, ప్రొపెల్లర్లకూ టైర్లకూ బ్రేకులకూ మాత్రమే పరిమితమైన నష్టాన్నీ ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నిబంధనలు కూడా చక్రాల కాళ్లకు జరిగిన నష్టాన్ని తీవ్ర నష్టంగా పరిగణించవు. అందువల్ల ఒక విమానం ముక్కు కాలు వంగి, ప్రొపెల్లర్ నేలను గీసుకుని ఆగిపోయినా, మనుషులకు దెబ్బలు తగలకపోతే ఆ సంఘటన అధికారిక ప్రమాదాల పట్టికలోకి రాకపోవచ్చు. పట్టికలలో కనబడే హార్డ్ ల్యాండింగ్‌లు జరిగినవాటిలో కొంత భాగమేనన్న ఎరుకతోనే వాటిని చదవాలి.

చక్రాల కాళ్లు ఎంత దెబ్బకు తయారవుతాయి

చిన్న విమానాల రూపకల్పనకు అమెరికాలో పార్ట్ 23 అనే నిబంధనావళి ఉంది. 2017లో దానిని లక్ష్యాలు మాత్రమే చెప్పే పద్ధతికి మార్చేదాకా, నేలను తాకే వేగాన్ని ఒక సూత్రం ద్వారా నిర్ణయించేవారు. రెక్కల ప్రతి చదరపు అడుగుకూ ఎన్ని పౌండ్ల బరువు పడుతుందో చూసి, ఆ సంఖ్య చతుర్థ మూలాన్ని 4.4తో హెచ్చవేస్తే, విమానం సెకనుకు ఎన్ని అడుగుల చొప్పున కిందికి దిగుతూ నేలను తాకినా చట్రం వంకర పోకూడదో తెలుస్తుంది. ఆ అంకె 7కు తగ్గకూడదు, 10కి మించనక్కరలేదు. ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో తయారైన సెస్నా 172 విమానపు ఎస్ నమూనాకు ఈ సూత్రాన్ని వర్తింపజేసి చూడవచ్చు. దాని గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు, అంటే సుమారు 1,157 కిలోలు. రెక్కల వైశాల్యం 174 చదరపు అడుగులు. లెక్క వేస్తే సెకనుకు సుమారు 8.6 అడుగులు, అంటే 2.6 మీటర్లు వస్తుంది. ఏ ఆధారమూ లేకుండా 35 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంటి మెట్లు రెండింటి ఎత్తు నుంచి, కింద పడిన వస్తువు నేలను తాకే వేగం అది. పైగా దెబ్బ తగిలే క్షణంలో విమానం బరువులో మూడింట రెండు వంతుల దాకా రెక్కలే మోస్తున్నట్టు భావించి లెక్క వేయడానికి ఆ నిబంధనలు అనుమతించేవి.

ఈ అంకెను దిగే విమానపు మామూలు వేగంతో పోల్చినప్పుడు ఆలోచింపజేసే విషయం ఒకటి బయటపడుతుంది. 65 నాట్ల వేగంతో, మూడు డిగ్రీల వాలులో రన్‌వే వైపు వస్తున్న విమానం సెకనుకు సుమారు 1.75 మీటర్ల చొప్పున కిందికి దిగుతూ ఉంటుంది. అంటే పైలట్ చివర్లో ముక్కును ఏమాత్రం ఎత్తకుండా అదే వాలులో నేలను తాకినా, ఆ తాకిడి వెనుక చక్రాల మీద పడితే, అది కాళ్ల రూపకల్పన హద్దుకు లోపలే ఉంటుంది. అయినా కాళ్లు విరుగుతున్నాయంటే అందుకు కారణాలు మూడు: విమానం ఆ వాలు కంటే వేగంగా కిందికి పడిపోవడం, దెబ్బను మోయవలసిన వెనుక చక్రాలకు బదులు ముక్కు చక్రం ముందుగా తాకడం, మొదటి తాకిడి తర్వాత విమానం ఎగిరిపడి రెండోసారి మరింత గట్టిగా పడడం. అరిగిన భాగాలున్న పాత విమానాల సంగతి పక్కన పెడితే, విమానం బలహీనంగా ఉండడం వల్ల జరిగే హార్డ్ ల్యాండింగ్‌లు అరుదు.

కాళ్ల నిర్మాణంలోని తేడా కూడా ఇక్కడ గమనించదగ్గది. అమెరికాలోని ఓష్‌కోష్‌కు చెందిన పందెపు పైలట్ స్టీవ్ విట్‌మన్ రూపొందించిన స్ప్రింగ్ ఉక్కు కాలును సెస్నా సంస్థ 1940లలో స్వీకరించింది. ఒకే ఉక్కు పట్టీ వంగి దెబ్బను తీసుకునే ఈ ఏర్పాటు సరళమైనది, మరమ్మతు తక్కువ. కానీ వంగిన ఉక్కు తాను తీసుకున్న శక్తిలో పెద్ద భాగాన్ని తిరిగి ఇచ్చేస్తుంది కనుక విమానం మళ్లీ పైకి లేస్తుంది. పైపర్ చెరోకీ వంటి విమానాలలో ఉండే ఓలియో కాలులో గాలితో పాటు నూనె ఉంటుంది. సన్నని రంధ్రం గుండా నూనె దూసుకుపోయేటప్పుడు దెబ్బలోని శక్తి వేడిగా మారి చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది. అయితే నూనె కారిపోయి, గాలి తగ్గిపోయి, కాలు కుంగి ఉన్న ఓలియో ఆ పని చేయలేదు. ఎగరడానికి ముందు చేసే తనిఖీలో కాలు ఎంత మేర బయటకు కనబడుతోందో చూడమని శిక్షకులు పట్టుబట్టేది అందుకే.

చివరి అర నిమిషం

దిగే విమానం నేలకు పది నుంచి ఇరవై అడుగుల ఎత్తుకు వచ్చాక పైలట్ ముక్కును నెమ్మదిగా ఎత్తుతూ, కిందికి దిగే వేగాన్ని తగ్గించి, వెనుక చక్రాల మీద మెల్లగా ఆనేలా చేస్తాడు. దీనిని ఫ్లేర్ అంటారు. హార్డ్ ల్యాండింగ్ నివేదికలలో ఫ్లేర్ సరిగా చేయలేదన్న వాక్యం తరచు కనబడుతుంది గానీ, అది చాలాసార్లు కారణాన్ని కాక ఫలితాన్నే చెబుతుంది. ఫ్లేర్ సరిగా కుదరకపోవడానికి అసలు కారణం అంతకు ముందే, ఎక్కువగా వేగంలోనే, ఉంటుంది.

విమానం గాలిలో నిలవగలిగే కనిష్ఠ వేగానికి 1.3 రెట్ల వేగంతో రన్‌వే వైపు రావాలన్నది స్థిరపడిన నియమం. ఆ వేగం కంటే పది శాతం ఎక్కువగా వస్తే గమన శక్తి 21 శాతం పెరుగుతుంది. నేలకు దగ్గరగా ఎగిరేటప్పుడు రెక్కల కొసల దగ్గర గాలి సుడులు పూర్తిగా ఏర్పడలేవు కాబట్టి గాలి నిరోధం తగ్గుతుంది; గ్రౌండ్ ఎఫెక్ట్ అనే ఈ ప్రభావం వల్ల, రెక్కలు తమ పొడవులో పదో వంతు ఎత్తులో ఉన్నప్పుడు లిఫ్ట్, అంటే విమానాన్ని పైకెత్తే గాలి బలం, కారణంగా పుట్టే నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది. అదనపు వేగంతో వచ్చిన విమానం అందువల్ల నేలను తాకకుండా తేలుతూ పోతుంది. రన్‌వే తరిగిపోతోందన్న ఆత్రంలో పైలట్ ముక్కును కిందికి నొక్కితే ముందు చక్రం ముందుగా తాకుతుంది. మరీ గట్టిగా వెనక్కి లాగితే విమానం మళ్లీ పైకి లేచి, అక్కడ వేగం కోల్పోతుంది.

వేగం తక్కువైతే ప్రమాదం ఇంకో రకంగా వస్తుంది. గాలి తాకే కోణం ఒక హద్దు దాటినప్పుడు రెక్క మీది గాలి ప్రవాహం చెదిరి, లిఫ్ట్ ఒక్కసారిగా తగ్గిపోయే స్థితిని స్టాల్ అంటారు. ఫ్లేర్‌ను మరీ ఎత్తున ముగించిన విమానం నేలకు మూడు మీటర్ల ఎత్తులో స్టాల్ అయి, లిఫ్ట్‌లో సగం కోల్పోయిందనుకుంటే, అది నేలను తాకేసరికి సెకనుకు 5.4 మీటర్ల వేగం అందుకుంటుంది. అది పైన లెక్కగట్టిన రూపకల్పన వేగానికి రెట్టింపు. తాకిడిలోని శక్తి నాలుగు రెట్లు. అదే సమయంలో పైలట్ ఇంజను శక్తిని నియంత్రించే థ్రాటిల్‌ను ఒక్కసారిగా మూసేస్తే, ప్రొపెల్లర్ రెక్కల మూలాల మీదికీ తోక మీదికీ తోసే గాలి కూడా ఆగిపోయి పతనం మరింత వేగవంతమవుతుంది.

కంటికి కలిగే భ్రమలు ఈ పొరపాట్లకు తోడవుతాయి. ఇరుకైన రన్‌వేకు అలవాటు పడిన కన్ను, జెట్ విమానాల కోసం కట్టిన 45 మీటర్ల వెడల్పు రన్‌వేను చూసినప్పుడు తాను నేలకు మరింత దగ్గరగా ఉన్నట్టు పొరబడి, ఫ్లేర్‌ను ఎత్తులోనే మొదలుపెడుతుంది; వెడల్పు రన్‌వేకు అలవాటు పడినవారు ఇరుకైన రన్‌వే మీద దీనికి విరుద్ధంగా ఆలస్యం చేస్తారు. చూపును విమానం ముక్కు ముందే నిలిపితే నేల పరుగు తప్ప ఎత్తు తెలియదు. రన్‌వే చివరి వైపు చూడమని శిక్షకులు చెప్పే మాట వెనుక ఉన్నది ఎత్తు తగ్గుతున్న తీరును కన్ను గుర్తించే పద్ధతే.

వాతావరణం పాత్రను తెలుగు నేల మీద ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సముద్ర మట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉన్న బేగంపేట విమానాశ్రయంలో ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి ఉన్నప్పుడు గాలి పలచబడి, విమానానికి అది దాదాపు 5,000 అడుగుల ఎత్తులోని గాలితో సమానమవుతుంది. విమానం అనుభవించే ఈ ఎత్తును డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. అప్పుడు వేగసూచిక 65 నాట్లు చూపుతున్నా విమానం నిజంగా కదిలేది 70 నాట్ల వేగంతో. అదే వాలులో వచ్చినా కిందికి దిగే వేగం అంతకంత పెరుగుతుంది, ఇంజను మాత్రం తక్కువ శక్తినిస్తుంది. కాగిన నేల నుంచి లేచే వేడిగాలి విమానాన్ని రన్‌వే అంచు దగ్గర పైకెత్తి, మరుక్షణం వదిలేస్తుంది. వేసవిలో శిక్షణ విమానాలు తెల్లవారుజామునే ఎగరడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ఎగిరిపడడం: రెండో దెబ్బ ప్రమాదం

ముక్కు చక్రం ఉన్న విమానంలో బరువు కేంద్రం వెనుక చక్రాలకు ముందుంటుంది కనుక, వెనుక చక్రాలు గట్టిగా తాకినప్పుడు ముక్కు దానంతటదే కిందికి వంగి లిఫ్ట్ తగ్గుతుంది. తోక చక్రం ఉన్న పాతకాలపు విమానంలో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది; తాకిడికి తోక దిగి, ముక్కు లేచి, లిఫ్ట్ పెరిగి విమానం మళ్లీ గాలిలోకి లేస్తుంది. ముక్కు చక్రం విమానాలకు ఉన్న ఈ సహజమైన అనుకూలత, ముక్కు చక్రమే ముందుగా తాకినప్పుడు పూర్తిగా తారుమారవుతుంది. అప్పుడు ముక్కు పైకి ఎగిరి విమానం లేస్తుంది. పైలట్ కంగారులో కంట్రోల్‌ను ముందుకు తోస్తాడు. కానీ అతని చేతి కదలిక ఫలితమిచ్చే సరికి విమానం అప్పటికే కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి, ఆ తోపు దాని పతనానికి తోడై ముక్కు చక్రం మరింత గట్టిగా గుద్దుకుంటుంది. మనిషి చర్య విమానం కదలిక కంటే కాస్త వెనకబడి, ప్రతి ఎగుడూ ముందుదాని కంటే పెద్దదయ్యే ఈ ఊగులాటను పోర్పోయిసింగ్ అంటారు. మొదటి తాకిడిని తట్టుకున్న కాలు రెండో, మూడో తాకిడికి విరిగిపోతుంది.

ఈ ఊగులాట చిన్న విమానాలకే పరిమితం కాదు. 2009 మార్చి 23న జపాన్‌లోని నరితాలో ఫెడెక్స్ సరకు విమానం ఎండీ-11 గాలులలో దిగుతూ ఎగిరిపడి, మళ్లీ గట్టిగా తాకి, రెక్క విరిగి మంటల్లో బోల్తా పడినప్పుడు ఇద్దరు పైలట్లు మరణించారు. విమానం ఎంత పెద్దదైనా సూత్రం ఒకటే. విమానం కొద్దిగా ఎగిరితే ముక్కును దిగే భంగిమలో నిలిపి, ఇంజనుకు కాస్త శక్తినిచ్చి మళ్లీ ఆననివ్వవచ్చు. ఎక్కువగా ఎగిరితే పూర్తి శక్తినిచ్చి పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రావాలి. ఇలా దిగడాన్ని మానుకుని లేచిపోవడాన్ని గో-అరౌండ్ అంటారు. దీనికి కావలసింది గొప్ప నైపుణ్యం కాదు, దిగే పని మొదలుపెట్టాక కూడా దానిని మానుకోవచ్చునన్న మానసిక సిద్ధత. చూసేవారి ముందు, ఎదురుచూసేవారి ముందు, శిక్షకుడి ముందు దిగలేకపోయామన్న చిన్నతనం అడ్డుపడడం వల్లనే ఈ తేలికైన మార్గం చాలాసార్లు వాడకుండా మిగిలిపోతోంది.

యంత్రానికి జరిగే నష్టం, కనబడనిదీ కనబడేదీ

ముక్కు కాలు సెస్నా 172లో ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ అనే లోహపు అడ్డుగోడకూ, పైపర్ చెరోకీలో ఇంజనును మోసే గొట్టాల చట్రానికీ బిగించి ఉంటుంది. ముక్కు మీద పడిన దెబ్బ అందువల్ల నేరుగా వాటిలోకే పోతుంది. బయటి నుంచి చూస్తే విమానం మామూలుగానే కనబడుతుంది. ఇంజను కవచం విప్పి చూస్తే ఫైర్‌వాల్ కింది భాగంలో సన్నని ముడత, గొట్టాల అతుకుల దగ్గర వెంట్రుకంత పగులు, వదులైన రివెట్ల చుట్టూ నల్లటి మసక కనబడవచ్చు. రెక్కల మూలాల దగ్గర రేకు ముడత పడడం, తోక కింది కట్టు రింగు అరిగిపోవడం, ఇంధన ట్యాంకు కీళ్ల వద్ద నీలిరంగు చెమ్మ కనబడడం కూడా తనిఖీదారులు వెతికే గుర్తులే.

ప్రొపెల్లర్ నేలను తాకడం వీటన్నిటికంటే ఖరీదైన నష్టం. ముక్కు చక్రం విమానంలో ప్రొపెల్లర్ కొసకూ నేలకూ మధ్య కనీసం 7 అంగుళాల ఖాళీ ఉండాలని పార్ట్ 23 పాత నిబంధన. ముక్కు కాలు వంగిపోయినా విరిగినా ఆ ఖాళీ చాలదు. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలను తాకినప్పుడు ఆ కుదుపు ఇంజనులోని క్రాంక్‌షాఫ్టుకూ దాని పళ్ల చక్రానికీ చేరుతుంది. కొసలు సరిచేసి ఎగిరితే చాలుననుకోవడం పొరపాటని, ఇంజనును విప్పి లోపలి భాగాలను పరీక్షించాలని ఇంజను తయారీ సంస్థలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ ఖర్చు పాత విమానం వెలతో పోటీ పడేంత ఉండడం వల్ల యజమాని వెనకాడే సందర్భం కూడా ఇదే.

ఒక్క దెబ్బతో కాక చిన్న చిన్న భారాల పోగుతో వచ్చే నష్టం మరొకటి. లోహం పదేపదే వంగినప్పుడు అందులో పగులు పుట్టి నెమ్మదిగా పెరగడాన్ని లోహపు అలసట అంటారు. 2018 ఏప్రిల్ 4న అమెరికా ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఎంబ్రీ-రిడిల్ విశ్వవిద్యాలయానికి చెందిన పైపర్ శిక్షణ విమానం రెక్క గాలిలోనే ఊడిపోయి అందులోని ఇద్దరూ మరణించారు. రెక్కను మోసే ప్రధాన దూలంలో అలసట పగుళ్లు వ్యాపించి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత అదే తరహా విమానాల రెక్క దూలాలకు ఎడ్డీ కరెంట్ పద్ధతిలో, అంటే విద్యుత్ ప్రేరణతో లోహంలోని పగులును పసిగట్టే పద్ధతిలో, తనిఖీ చేయాలని అమెరికా విమానయాన పరిపాలక సంస్థ ఆదేశించింది. ఆ ప్రమాదానికి ఏదో ఒక హార్డ్ ల్యాండింగ్‌ను కారణంగా చూపలేం. కానీ రోజంతా దిగుతూ లేస్తూ గడిపే శిక్షణ విమానం ఎంతటి భారాన్ని పోగుచేసుకుంటుందో, దాని చరిత్రను పూర్తిగా రాసిపెట్టడం ఎందుకు అవసరమో అది చాటిచెప్పింది.

మనిషి శరీరం

నిలువు తాకిడి మనిషికి చేరేది సీటు ద్వారా, వెన్నెముక గుండా. ఛాతీ వెన్నుపూసల వరస ముగిసి నడుము వెన్నుపూసలు మొదలయ్యే చోట వెన్నెముక ఎక్కువగా వంగుతుంది కనుక, అక్కడి పూస నలిగి పగలడం ఈ ప్రమాదాల ముఖ్య గాయం. విమానం పెద్దగా దెబ్బతినకపోయినా నడుము నొప్పితో దిగినవారిని కదపకుండా వైద్య పరీక్షకు పంపాలన్న జాగ్రత్త దీని నుంచే వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శిక్షణలో ఉండగా విమాన ప్రమాదం నుంచి బతికి బయటపడిన హ్యూ డిహేవన్, ఎత్తు నుంచి పడి బతికినవారిని పరిశీలించి 1942లో ప్రచురించిన అధ్యయనం, మనిషిని చంపేది వేగం కాదు, ఆ వేగం ఆగిపోయే దూరం మరీ చిన్నదైపోవడమేనని నిరూపించి, ప్రమాదంలో బతికించే నిర్మాణం అన్న శాస్త్రానికి పునాది వేసింది. 1972లో అగ్నెస్ తుపాను వరదలో పైపర్ సంస్థ లాక్ హేవెన్ కర్మాగారం మునిగినప్పుడు పాడైన విమానాలను నాసా లాంగ్లీ కేంద్రం తీసుకుని, చంద్రుడి మీద దిగే సాధనకు కట్టిన 240 అడుగుల ఎత్తైన చట్రం నుంచి వేలాడదీసి నేలకు గుద్దించి పరీక్షించింది. ఆ వరస పరిశోధనల తర్వాత 1988లో, పైలట్ సీటు నిలువు దిశలో గురుత్వానికి 19 రెట్ల తాకిడినీ, ముందు దిశలో 26 రెట్ల తాకిడినీ బొమ్మ మనిషితో తట్టుకుని చూపాలన్న నిబంధన వచ్చింది.

సిరస్ విమానాలు ఈ శాస్త్రానికి మంచి ఉదాహరణ. 1998లో ధ్రువీకరణ పొందిన ఎస్ఆర్20తో మొదలుకొని వాటిలో విమానం మొత్తాన్ని మోసే పారాచూట్ ఉంది. అది విచ్చుకున్నాక విమానం నిమిషానికి సుమారు 1,700 అడుగుల చొప్పున దిగుతుంది; పైన చెప్పిన రూపకల్పన వేగానికి అది మూడు రెట్లకు పైనే. విమానం దెబ్బతింటుంది గానీ, కాళ్లు, తేనెపట్టు నిర్మాణంతో చేసిన సీట్ల అడుగు భాగం నలిగి, ఆగే దూరాన్ని పెంచి మనిషిని కాపాడతాయి.

ఇంత శాస్త్రం కంటే చవకైన రక్షణ భుజాల బెల్టు. అమెరికాలో 1978 జులై 18 తర్వాత తయారైన చిన్న విమానాల ముందు సీట్లకు, 1986 డిసెంబర్ 12 తర్వాత తయారైనవాటిలో అన్ని సీట్లకు అది తప్పనిసరి. బెల్టు ఉండడమే కాదు, దానిని బిగించిన చోటు కూడా గట్టిగా ఉండాలని 2015 మార్చి 5న నటుడు హారిసన్ ఫోర్డ్ ప్రమాదం నిరూపించింది. ఇంజను ఆగిపోవడంతో రెండో ప్రపంచ యుద్ధకాలపు రయన్ శిక్షణ విమానాన్ని ఆయన శాంటా మోనికా దగ్గర గోల్ఫ్ మైదానంలో దించినప్పుడు, భుజాల బెల్టును సరిగా అమర్చకపోవడం గాయాల తీవ్రతను పెంచిందని దర్యాప్తు తేల్చింది. పాత విమానాలకు కొత్త బెల్టులు బిగించే యజమానులు, మెకానిక్‌లు గుర్తుంచుకోవలసిన పాఠం ఇది.

దిగిన తర్వాతి గంట

గట్టిగా దిగిన విమానాన్ని పక్కకు తీసుకెళ్లి, ఇంజను ఆపి, 121.5 మెగాహెర్ట్జ్ మీద అత్యవసర సంకేతం మోగుతోందేమో వినడం మొదటి పని. తాకిడికి తనంతట తాను మేలుకునే సంకేత పరికరం అనవసరంగా గాలింపు బృందాలను కదిలించవచ్చు. రెండో పని, జరిగినదానిని విమానం పుస్తకంలో రాసి, మెకానిక్ సంతకం చేసేదాకా ఆ విమానాన్ని ఎవరూ ఎగరనివ్వకుండా ఆపడం. తయారీ సంస్థల నిర్వహణ గ్రంథాలలో హార్డ్ ల్యాండింగ్ తర్వాత చేయవలసిన ప్రత్యేక తనిఖీ విడిగా ఉంటుంది. కానీ ఎవరో ఒకరు నోరు విప్పి చెబితే తప్ప అది మొదలుకాదు.

ఒకే విమానాన్ని రోజుకు అయిదారుగురు నడిపే క్లబ్బులో ఈ మౌనం ప్రాణాంతకం. తొలిసారి ఒంటరిగా ఎగిరిన విద్యార్థి గట్టిగా దించి, మందలింపుకో మరమ్మతు ఖర్చుకో భయపడి ఊరుకుంటే, ఆ పగులును మోసుకుంటూ ఎగిరేది తర్వాతి విద్యార్థి. పొరపాటును చెప్పినవారిని శిక్షించకుండా, తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసినవారిని మాత్రమే బాధ్యుల్ని చేసే పద్ధతిని భద్రతా శాస్త్రంలో న్యాయమైన సంస్కృతి అంటారు. అమెరికాలో నాసా 1976 నుంచి నడుపుతున్న గోప్య నివేదికల వ్యవస్థ ఆ ఆలోచనకు పాత ఉదాహరణ. భారతదేశంలో ప్రమాదాల దర్యాప్తును నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి విడదీసి 2012లో విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరోను ఏర్పాటు చేయడం కూడా, తప్పు వెతికే పనినీ కారణం వెతికే పనినీ వేరుచేయాలన్న సూత్రం మీదనే. ఆ సూత్రం ఢిల్లీ కార్యాలయం దాకా వచ్చి ఆగితే చాలదు, ప్రతి శిక్షణ మైదానంలోని హ్యాంగరుకు చేరాలి.

శిక్షణ, మన పరిస్థితి

భారతదేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపిన అనుభవం కావాలి. ఆ ఖర్చును అప్పు చేసి భరించే తెలుగు కుటుంబాల పిల్లలు హైదరాబాద్ శివారు నాదర్‌గుల్ వంటి మైదానాలలోనూ, అమెరికాలోని శిక్షణ కేంద్రాలలోనూ నేర్చుకుంటున్నారు. గంటలు పూర్తి చేయాలన్న తొందరలో దిగడం అన్నది లెక్కపెట్టే అంకెగా మారే ప్రమాదం ఉంది. దిగిన సంఖ్యతో పాటు, దిగకుండా లేచిపోయిన సంఖ్యను కూడా శిక్షణ పుస్తకంలో ఘనతగా రాయడం, స్థిరమైన వేగమూ వాలూ నేలకు 300 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి కుదరకపోతే మారు ఆలోచన లేకుండా గో-అరౌండ్ చేయడం, ఎగిరిపడ్డాక లేచిపోవడాన్ని శిక్షకుడి పక్కనే పదేపదే సాధన చేయించడం ఈ దశలో అలవాటు కావలసినవి.

రన్‌వే మీది ప్రమాదాలలో బతికి బయటపడడం సాధ్యమని తెలుగు ప్రాంతానికి సంబంధించిన సంఘటన కూడా ఒకటి చూపింది. 2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి ముంబయికి వెళ్లిన లియర్‌జెట్ 45 ప్రైవేటు విమానం భారీ వర్షంలో దిగుతూ రన్‌వే నుంచి పక్కకు జారి ముక్కలైనా, అందులోని ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అయితే బతికి బయటపడే అవకాశాన్ని నమ్ముకుని దిగడానికి మొండికేయడం నైపుణ్యం అనిపించుకోదు.

ముగింపు

ఈ సమీక్షలో తేలినది క్లుప్తంగా ఇది. చిన్న విమానపు కాళ్లు సాధారణ పొరపాటును మోయగలిగేంత బలంగానే తయారవుతాయి. వాటిని విరిచేది వేగం మీద పట్టు తప్పడం, ముక్కు చక్రాన్ని ముందుగా తాకించడం, ఎగిరిపడ్డ విమానాన్ని బలవంతంగా నేలకు నొక్కడం. ఈ మూడింటికీ మందు ఒకటే, సకాలంలో తీసుకునే గో-అరౌండ్ నిర్ణయం. సీట్లు, బెల్టులు, నలిగే నిర్మాణాలు మనిషిని కాపాడడంలో చాలా దూరం వచ్చాయి, పాత విమానాలకు వాటిని అందించే పని మిగిలి ఉంది. దెబ్బ తిన్న విమానాన్ని ఆపించేది మాత్రం ఒక మనిషి నోట వచ్చే నిజమే కాబట్టి, ఆ నిజం చెప్పినవారికి మందలింపు కాక మన్నన దక్కేలా చూడడం ప్రతి యజమాని, ప్రతి శిక్షకుడు, ప్రతి నియంత్రణ అధికారి బాధ్యత. మెత్తగా దిగడం నేర్పినంత శ్రద్ధగా, గట్టిగా దిగినప్పుడు ఏం చేయాలో కూడా నేర్పిన నాడే విమాన శిక్షణ పూర్తయినట్టు.